పత్తివిత్తులు – అనుజ్ఞాలేఖ్యము

హైదరాబాదునుండి కర్నూలునకు బోవు పెద్దబాట పెబ్బేరు మీదుగా సాగి, బీచుపల్లి యొద్ద కృష్ణను దాటి గద్వాల సీమలో ప్రవేశించును. కృష్ణాతుంగభద్రల నడుమనున్న యా భూమిని దేశస్థులు నడిగడ్డ యందురు. పూర్వము గద్వాల సంస్థానము పండితపోషణముచేత విద్వద్గద్వాలమని ప్రఖ్యాతి గాంచినది. నేడా సీమ పేరు దేశమున నలుదెసల వినబడుటకు పత్తివిత్తు ముఖ్యకారణము. భారతదేశపు రైతులు నాటుకొను సంకరపత్తి విత్తనములలో గొప్పభాగము ఈ నడిగడ్డ చేలలో పండునట్టిదే. సాయంకాలమున ఆడుమొక్క మొగ్గను గిల్లి పుప్పొడితిత్తులను తీసివేయుటయు, మఱునాటి యుదయమున మగపువ్వును దెచ్చి దానికి రాచుటయు, ఒక్కొక్క పువ్వునకు చేతితో చేయవలసిన పని. ఇంత శ్రమతో పుట్టిన విత్తు సంచులకెక్కి పెబ్బేరు బాటను హైదరాబాదునకు బోవునప్పుడు దానియందు ముగ్గురి హక్కులు చిక్కుపడి యుండును. విత్తులోని గుణమును కనిపెట్టినవాని దొకటి. ఆ గుణమును తన పత్తిజాతిలో చేర్చుకొన్న వర్తకుని దొకటి. చేను దున్నినవాని దొకటి. మొదటి యిద్దఱి నడుమ నొక పత్రము కలదు. ఆ పత్రమును గుఱించి 2015వ సంవత్సరమునుండి 2021 వఱకు జరిగిన వివాదము, అనుజ్ఞాపత్రము నెట్లు వ్రాయవలయునో, ఎట్లు వ్రాసిన వ్యాజ్యము పుట్టునో తెలియగోరువారికి తగిన యుదాహరణము. మన ధర్మశాస్త్రకారుల లేఖ్యప్రకరణముతో దానిని చేర్చి విచారించుట యుక్తము. ఏలయన ఆ వివాదమున పుట్టిన చిక్కులలో కొన్నింటికి వారు ముందే పేర్లు పెట్టియున్నారు.

ఇచట మాటను గుఱించి యొక మాట. బుద్ధిచే సాధింపబడిన వస్తువునందలి హక్కును వార్తాపత్రికలును ప్రభుత్వప్రకటనలును మేధోసంపత్తి యని వ్రాయుచున్నవి. ఇది సాధువు గాదు. మేధాశబ్దము ఆకారాంత స్త్రీలింగము. నఞ్, దుర్, సు అనువానికి పరమైనప్పుడు బహువ్రీహియందు మాత్రమే పాణిని దానికి సకారాంతత్వమును విధించెను. సుమేధసుడు, దుర్మేధసుడు అనుటకు ఆధారమదియే. తక్కినచోట్ల మేధాసంపత్తి యనియే యుండదగును. వాడుక బలవత్తరమగుటచేత దోషమిక మాఱదేమో కాని, పాఠశాలలలోనైన సరియైన రూపమును చెప్పుట మంచిది. లైసెన్సు అని లోకులు వ్యవహరించుదానికి అనుజ్ఞ యను పదము చక్కగా సరిపోవును.

అనుజ్ఞకును దానమునకును గల భేదమే యీ విషయమునకంతకు మూలము. దానమనగా దాత తన స్వత్వమును విడిచి ప్రతిగ్రహీతకు స్వత్వమును కలిగించుట యని వ్యాఖ్యాతలు నిర్వచించిరి. కావుననే చాకలికి బట్టలిచ్చెనన్నచోట సంప్రదానత్వము లేదనియు, అచట షష్ఠియే తగుననియు వృత్తికారుల పక్షము. బట్టలు ఉతుకుటకు బోయినవే కాని వానిపై యజమానుని స్వత్వము పోలేదు. గురువు శిష్యునకు చెంపదెబ్బ యిచ్చెనని భాష్యమున చతుర్థి కనబడుటచేత ఈ నియమము నిలువదని మఱికొందఱు వాదించిరి. వ్యాకరణమున నీ వాదము ఏ పక్షమున ముగిసినను, వ్యవహారమున భేదము భేదమే. తెనుగున చిక్కు ఇంకను హెచ్చు. చాకలికి బట్టలిచ్చినను, అతిథికి గోవునిచ్చినను మన భాషలో విభక్తి యొక్కటియే. అందుచేత తెనుగుపత్రమున ఇచ్చితిమని మాత్రమే వ్రాసి యూరకున్నయెడల, ఇచ్చినది వస్తువో, వస్తువును వాడుకొను అనుమతియో తేలదు. పుస్తకముల విషయమున నిట్టి సందిగ్ధము తఱచు. గ్రంథకర్త తన వ్రాతప్రతిని ముద్రాపకునకిచ్చి కొంత సొమ్ము పుచ్చుకొనును. ఇరువదియేండ్లకు పిమ్మట, ఒక్క ముద్రణమునకిచ్చితినని గ్రంథకర్త కుమారుడును, గ్రంథమునే కొంటినని ముద్రాపకుని కుమారుడును వాదులాడుదురు. ఇరువురును అబద్ధమాడుట లేదు. ఇచ్చితినన్న మాటయే రెండు దారులకు ఎడమిచ్చినది.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లేఖ్యప్రకరణము కలదు. దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచింపగా, తిక్కన కాలమువాడైన మూలఘటిక కేతన పదుమూడవ శతాబ్దమున దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. తెనుగున మొదటి వ్యాకరణమైన ఆంధ్రభాషాభూషణమును రచించినవాడును ఈ కేతనయే. శబ్దశాస్త్రమును వ్యవహారశాస్త్రమును ఒక్కచేతినుండి వెలువడుట కాకతాళీయమని తోపదు. రెండింటియందును వాక్యము సందేహము లేకుండ నిలువవలెనను తపన యొక్కటియే.

ఆ స్మృతి చెప్పిన విధి యిది. ఉభయులు తమ యిచ్చచొప్పున ఒడంబడిన యర్థమును సాక్షిసహితముగా వ్రాయింపవలెను. ధనమిచ్చినవాని పేరు ముందుండవలెను. సంవత్సరము, మాసము, పక్షము, తిథి, ఉభయుల నామజాతిగోత్రములు, తండ్రుల పేర్లు చేర్పవలెను. అర్థము ముగిసిన తరువాత ఋణము పుచ్చుకొన్నవాడు స్వహస్తముతో, పైన వ్రాసినది ఇన్నివాని కొడుకునగు నాకు సమ్మతమని వ్రాయవలెను. సాక్షులును అట్లే తమ తండ్రిపేరులతో వ్రాయవలెను. కట్టకడపట వ్రాయసకాడు, ఉభయులు కోరగా నేను వ్రాసితినని ముగింపవలెను. స్వహస్తలిఖితము సాక్షులు లేకున్నను ప్రమాణమే. కాని బలాత్కారముచేతను వంచనచేతను వ్రాయించినది ప్రమాణము గాదు. పత్రము దేశాంతరమున నున్నను, అక్షరములు చెడినను, నశించినను, చినిగినను, కాలినను మఱియొకటి వ్రాయించుకొనవలెను. చెల్లించిన సొమ్మును ఎప్పటికప్పుడు పత్రము వెనుక వ్రాయవలెను. ఋణము తీఱినపిదప పత్రమును చింపివేయవలెను, లేదా తీఱినట్లు వేఱొక పత్రము పొందవలెను.

ఈ విధి ఋణపత్రమునకు చెప్పబడినదే కాని, పరుని వస్తువును వాడుకొనువానికిని వర్తించు నంశములు స్మృతిలో వేఱుగా కలవు. పెండ్లి మొదలగు నుత్సవములకు అడిగి తెచ్చుకొన్న వస్త్రభూషణాదులకు యాచితమని పేరు. అక్కఱ తీఱగానే తిరిగి యీయవలెను. కుదువపెట్టిన వస్తువులలో గోప్యాధి, భోగ్యాధి యని రెండు తెఱగులు. దాచుటకే యిచ్చిన కుదువను వాడుకొన్నవానికి వడ్డి పోవును. అనగా ఏ ప్రయోజనమునకు అనుమతి కలదో దానిని మీఱినవాడు తనకు రావలసిన లాభమునుండి భ్రష్టుడగును. నేటి న్యాయవాదులు అనుజ్ఞాపత్రమున క్షేత్రపరిమితి యని పుటలకొలది వ్రాయుదానికి ఇదియే బీజము.

సంస్థానముల నాటి వాడుకయందును ఈ ధర్మము కలదు. భూమిని సాగుకిచ్చునప్పుడు ఇచ్చువాడు కౌలుపత్రమును, పుచ్చుకొనువాడు కబూలియతును వ్రాసి యొకరికొకరు మార్చుకొనెడివారు. ఇచ్చినమాటయు ఒప్పుకొన్నమాటయు రెండు చేతులలో నుండుటచేత, ఒకటి చెఱిపిన రెండవది బయలుపఱచును. తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము లనుచు నాలుగెల్లలు చెప్పనిదే భూదానశాసనము ముగియదు. బుద్ధిజన్యమైన వస్తువునకు ఎల్లలు కంటికి కనబడవు. కావున వానిని మాటలతోనే పాతవలెను. ఏ దేశమున, ఎంతకాలము, ఏ పనికి, ఎంత మూల్యమునకు – ఈ నాలుగే అనుజ్ఞకు నాలుగెల్లలు.

భారతదేశపు 1957 నాటి గ్రంథస్వామ్యశాసనము 19వ సెక్షనులో వీనినే విధించినది. హక్కును మార్చియిచ్చు పత్రము వ్రాతపూర్వకమై, సంతకము గలదై, కృతిని, హక్కులను, కాలమును, దేశమును, మూల్యమును పేర్కొనవలెను. కాలము చెప్పకున్న ఐదేండ్లని, దేశము చెప్పకున్న భారతదేశమని గ్రహింపబడును. పుచ్చుకొన్నవాడు ఒక సంవత్సరములో ఆ హక్కును వినియోగింపకున్న, పత్రమున వేఱువిధముగా చెప్పనిచో అది తీఱిపోవును. ఈ నియమములు అనుజ్ఞలకును వర్తించునని 30ఏ సెక్షను చెప్పుచున్నది. పేటెంటుల విషయమున 1970 నాటి శాసనము 68వ సెక్షను, సమస్తనియమములను ఇముడ్చుకొన్న వ్రాతపత్రము లేనిదే అనుజ్ఞ చెల్లదని నిర్బంధించినది.

పాణినీయమును చదివినవారికి పత్రరచనయందు మూడు సంగతులు వెంటనే తోచును. సూత్రకారుడు తొలిసూత్రముననే సంజ్ఞను చెప్పెను. శాస్త్రమున సంజ్ఞ కానిచోట శబ్దము తన రూపమునే తెలుపును, సంజ్ఞయైనచోట సంజ్ఞియగు నర్థమును తెలుపునని వేఱొకచోట వ్యవస్థ చేసెను. పత్రమున విత్తు అను మాట సంజ్ఞయో, లోకశబ్దమో ముందే తేలకున్న, తరువాతి ప్రతిపంక్తియు సంశయగ్రస్తమగును. రెండవది, సమసంఖ్యాకములైన రెండు జాబితాలున్నప్పుడు మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది యను క్రమాన్వయము. ఏ జాతికి ఏ మూల్యమో ఇట్లు అమర్పనిచో కలహము తప్పదు. మూడవది విప్రతిషేధము. తుల్యబలముగల రెండు విధులు ఒకచోట తాకినప్పుడు ఏది గెలుచునో సూత్రకారుడు చెప్పియుంచెను. పత్రమును వ్రాయువారు దీనిని మఱచుట తఱచు. పైపుటలో ఒక నియమమును, అనుబంధములో దానికి విరుద్ధమైన దానిని వ్రాసి, రెండింటిలో ఏది ప్రబలమో చెప్పక విడుతురు. ఇంకొక సంగతి కలదు: పత్రమున వ్రాసిన విధియు, దేశమున రాజు చేసిన విధియు తాకినప్పుడు ఏమి చేయవలెను? పత్తివిత్తుల వివాదమునకు మూలకందమిదియే.

బాసిల్లస్ తురింజియెన్సిస్ అను మట్టిలోని సూక్ష్మజీవి కాయతొలుచు పురుగును చంపు విషపదార్థమును కలిగించును. దాని జన్యువును పత్తిలో చేర్చిన బీటీ పత్తికి భారతప్రభుత్వము 2002 మార్చి 26 నాడు అనుమతి యిచ్చినది. అమెరికా దేశపు మొన్సాంటో సంస్థయు, మహారాష్ట్రమునందలి జాల్నాకు చెందిన మహికోయు కలిసి స్థాపించిన మహికో మొన్సాంటో బయోటెక్కు ఆ గుణమును దేశములోని విత్తనసంస్థలకు ఉపానుజ్ఞగా నిచ్చుచు వచ్చినది. అట్లు పొందిన సంస్థలు నలువదికి పైబడియుండెను. మొదట తిరిగిరాని సొమ్ము 50 లక్షల రూపాయలు. పిమ్మట అమ్మిన ప్రతిప్యాకెట్టుకు ట్రెయిట్ వాల్యూ అను పేర మఱికొంత. దీనిని గుణమూల్యమని తెనిగింపవచ్చును.

ఈ పేరునందే మర్మము కలదు. పేటెంటు గలవాడు పుచ్చుకొనునది రాయల్టీ. బోల్‌గార్డు మొదటి తరమునకు భారతదేశమున పేటెంటే లేదు. లేని స్వత్వమునకు రాయల్టీ యనుట చెల్లదు కావున పదము మాఱినది, సొమ్ము మాఱలేదు. 450 గ్రాముల ప్యాకెట్టునకు ఈ గుణమూల్యము ఒకప్పుడు 1250 రూపాయలు. అది రైతు చెల్లించు ధరలో అధికభాగము. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తవ్యాపారనియంత్రణసంఘమున ఫిర్యాదు చేసినది. ఆ సంఘము అదే సంవత్సరము మే 11 నాడు మధ్యంతరాజ్ఞ నిచ్చి మూల్యమును తగ్గింపుమన్నది. వెంటనే రాష్ట్రప్రభుత్వము ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు కట్టడి చేసినది. పత్తివిత్తుల ధరను నిర్ణయించు శాసనమును 2007లో ఆంధ్రప్రదేశమే చేసికొన్నది. ఒక రాష్ట్రము అనుజ్ఞాపత్రము లోపలికి చేయిపెట్టి మూల్యమును సవరించుట దేశచరిత్రమున గమనింపదగిన ఘట్టము.

నూజివీడు పట్టణము పేర వెలసి, హైదరాబాదు కేంద్రముగా వర్ధిల్లిన నూజివీడు సీడ్సు సంస్థ 2004 ఫిబ్రవరి 21 నాడు పదియేండ్ల గడువుతో ఉపానుజ్ఞాపత్రమును వ్రాసికొన్నది. బోల్‌గార్డు రెండవ తరమునకు సంబంధించిన పేటెంటు 214436 సంఖ్య గలది. 1999 నవంబరు 4 నాటి దరఖాస్తుపై 2008లో లభించినది. అనగా పత్రము పుట్టిన నాలుగేండ్లకు గాని పేటెంటు పుట్టలేదు. బిడ్డ పుట్టకమున్నే పెండ్లిమాటలు నడచినవనుట యుక్తముగా నుండును. వ్యాపారమున నిది తప్పని యనలేము. కాని అట్టి పత్రమున స్వత్వము సిద్ధించినచో ఇట్లు, సిద్ధింపనిచో అట్లు అను వికల్పము స్పష్టముగా నుండవలెను.

ధరను కట్టడిచేయు శాసనములు వచ్చినతరువాత విత్తనసంస్థలు ప్రభుత్వనిర్ణయము ప్రకారమే గుణమూల్యమును చెల్లింతుమనిరి. పత్రమున ఒప్పుకొన్నదే చెల్లింపవలయునని ఇచ్చినవారనిరి. 2015 నవంబరు 14 నాడు నూజివీడువారి పత్రము రద్దు చేయబడినది. డిసెంబరు 7 నాడు కేంద్రప్రభుత్వము పత్తివిత్తుల ధరానియంత్రణాజ్ఞను వెలువరించినది. 2016 మార్చి 8 నాటి ప్రకటనచేత రెండవతరపు ప్యాకెట్టు ధర 800 రూపాయలుగను, అందు గుణమూల్యము 49 రూపాయలుగను నిర్ణయింపబడినది. అంతకుముందు చెల్లుచుండిన గుణమూల్యము దీనికి మూడింతలకు మించినది.

స్మృతి యీ సందర్భమును ఎఱుగును. నిక్షేపముగా నుంచిన ధనమును రాజు గాని, దైవము గాని, దొంగ గాని హరించినచో దాచినవాడు దానిని తిరిగి యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఉభయుల దోషము లేకయే వచ్చు నష్టమును ఎవరు భరింపవలెనో ముందే నిర్ణయించుట దాని తాత్పర్యము. ఆంగ్లేయన్యాయమును అనుసరించు పత్రములలో దైవకృతమునకు ఒక పేరా తప్పక యుండును. వఱదలు, భూకంపములు, యుద్ధములు అందు వరుసగా కనబడును. రాజకృతమునకు అంత శ్రద్ధ చూపబడదు. రాజు మూల్యమును తగ్గించినప్పుడు పత్రము నిలుచునా, పోవునా? నిలిచినచో ఏ మూల్యముతో? తేడాను ఎవరు భరింతురు? రద్దుచేయువాడు ఎన్నిదినములు ఎదురుచూడవలెను? గిడ్డంగిలోనున్న విత్తులు, చేలో నాటిన తల్లిదండ్రి మొక్కలు ఏమగును? ఈ ప్రశ్నలకు ఉత్తరము ఉభయులకు ఒక్కరీతిగా తోచునంత స్పష్టముగా వ్రాయబడియుండినచో, ఢిల్లీ వఱకు పోవలసిన పనియుండెడిది కాదని చెప్పుట సాహసము గాదు.

వ్యాజ్యము ఢిల్లీ హైకోర్టునకు వచ్చినది. పేటెంటును, బోల్‌గార్డు అను వ్యాపారచిహ్నమును వాడకుండ నూజివీడువారిని ఆపవలెనని ఒకరు. అసలు ఆ పేటెంటే చెల్లదని రెండవవారు. అనుజ్ఞ పొందినవాడు పేటెంటు చెల్లదనవచ్చునా యను శంక పుట్టును. ఉప్పుతిన్న యింటి వాసములు లెక్కించుటగా నిది లోకమునకు తోచినను, పేటెంటు శాసనము 140వ సెక్షను ప్రకారము, పేటెంటు చెల్లుబాటును ప్రశ్నింపరాదను నియమమును అనుజ్ఞాపత్రమున వ్రాయుటయే నిషిద్ధము. ఇట్టివి ఉభయసమ్మతములైనను చెల్లవు. పత్రము వ్రాయువారు మొదట తెలియవలసినది, ఏవి వ్రాయదగునో కాదు, ఏవి వ్రాసినను వ్రాయనట్లేయగునో అది.

2017 మార్చి 28 నాడు ఏకన్యాయమూర్తి, ఉభయులును తమ పత్రమునకు బద్ధులై యుండవలెననియు, గుణమూల్యము ప్రభుత్వనిర్ణయము చొప్పున చెల్లవలెననియు మధ్యంతరముగా తీర్చెను. ఉభయులును దీనిపై అప్పీలు చేసికొనిరి. 2018 ఏప్రిలు 11 నాడు ఇద్దఱు న్యాయమూర్తుల పీఠము ఇంకొక అడుగు ముందునకు వేసి, మొక్కలు, విత్తులు, వాని భాగములు పేటెంటునకు అర్హములు గావను శాసనము 3వ సెక్షను ‘జె’ ఉపవిభాగమును బట్టి ఆ పేటెంటే చెల్లదనినది. గుణమును కనిపెట్టినవారు మొక్కల జాతులను రైతుల హక్కులను రక్షించు 2001 నాటి శాసనము క్రింద లాభములో పాలు కోరవచ్చునని సూచించినది. 2019 జనవరి 8 నాడు సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, సాక్ష్యవిచారణ లేకుండ ఇట్టి జటిలవిషయమును మధ్యంతరపు అప్పీలులో తేల్చుట తగదని, వ్యాజ్యమును మరల ఏకన్యాయమూర్తికే పంపినది. అదే యేడు నవంబరు నాటికి పేటెంటుకు ఇరువదియేండ్ల గడువు తీఱినది. 2021 మార్చిలో ఉభయపక్షములు రాజీపడినవి. అప్పటికి మొన్సాంటో జర్మనీ దేశపు బేయరు సంస్థలో లీనమైయున్నది. జన్యుశ్రేణి విత్తులో చేరిన పిదప అది మొక్కలో భాగమా కాదా యను ప్రధానప్రశ్న తుదితీర్పు లేకయే నిలిచిపోయినది.

ఈ నడుమ మఱియొక విచిత్రము జరిగినది. 2016 మే 18 నాడు కేంద్రప్రభుత్వము జన్యుసాంకేతికానుజ్ఞాపత్రములకు తానే నమూనాను వ్రాసి ప్రకటించినది. అడిగిన విత్తనసంస్థకు 30 దినములలో అనుజ్ఞ నీయవలెను; తొలిసొమ్ము 25 లక్షలకు మించరాదు; గుణమూల్యము మొదటి యైదేండ్లు గరిష్ఠధరలో పదవవంతునకు లోబడి, ఆఱవయేటినుండి ఏటేట తగ్గుచు పోవలెను. ఆఱుదినములలో, మే 24 నాడు, ప్రభుత్వము దానిని ఉపసంహరించి, అభిప్రాయములు తెలుపుటకు చిత్తుప్రతిగా మార్చినది. ఆ నమూనాను బలవంతపు ఒడంబడిక యని విదేశసంస్థలు నిందించినవి. స్మృతి బలకృతలేఖ్యమును త్రోసివేసిన మాట నిజమే. అయినను ఒక్క వస్తువు ఒక్కనియొద్దనే యుండి, కోరువారు నలువదిమంది యగునప్పుడు, ఇచ్చువాడు ముద్రించి తెచ్చిన పత్రమున సంతకముంచుట మాత్రము ఎంతటి స్వేచ్ఛ? బలము రాజునందే యుండునని స్మృతికర్తలు చెప్పలేదు.

గద్వాలలోనే దీనికి సరిగా ఎదురైన ధర్మము మఱియొక వస్తువునందు కలదు. నూలు నడుమ, పట్టు అంచు, పట్టు కొంగు పోగుపోగున పెనవేసి నేయు గద్వాల చీర భౌగోళికసూచికగా నమోదైనది. 1999 నాటి ఆ శాసనము 24వ సెక్షను ప్రకారము, నమోదైన భౌగోళికసూచికపై గల హక్కు అమ్మకమునకు గాని, బదిలీకి గాని, అనుజ్ఞకు గాని, తాకట్టునకు గాని పాత్రము గాదు. నమోదైన వినియోక్త మరణించినచో వారసునకు సంక్రమించుట యొక్కటియే దారి. గద్వాల పేరును సూరతు మిల్లుకు అనుజ్ఞగా ఇచ్చునట్టి పత్రము ఎంత పొందికగా వ్రాసినను కాగితమే. దేవాలయమాన్యము నమ్మరాదన్న పూర్వమర్యాద వంటిదిది. ఒకే యూరిలో, ఒకే పత్తినుండి, ఈయరాని పేరును ఇచ్చి తీఱవలెనన్న గుణమును పుట్టుట విచారశీలులు గమనింపదగును.

మొదట చెప్పిన ముగ్గురిలో మూడవవాని మాట మిగిలినది. గుణమును ఇచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని పత్రమున్నది. పుటలు హెచ్చైనను, లోపములున్నను, దానిని పట్టుకొని వారు న్యాయస్థానమెక్కగలిగిరి. నడిగడ్డ రైతునకు సంస్థతో నేరుగా పత్రము సాధారణముగా లేదు. సంస్థకును రైతునకును నడుమ మధ్యవర్తి కలడు. పల్లెలలో అతనిని ఆర్గనైజరందురు. తల్లిదండ్రి విత్తులు, పెట్టుబడికి అడ్వాన్సు అతని చేతినుండియే వచ్చును. పండిన విత్తు అతని చేతికే పోవును. విత్తు శుద్ధిని తెలియుటకు దానిని మరల నాటి, మొలచి ఎదిగిన మొక్కలను పరీక్షింతురు. గ్రో అవుట్ టెస్టు అను నా పరీక్షఫలము తెలియుటకు నెలలు పట్టును. ఆ లోపల అడ్వాన్సుపై వడ్డి పెరుగుచుండును. పరీక్షలో తప్పినదన్నచో విత్తు తిరస్కరింపబడును. ఏ చేని విత్తు, ఏ సంచినుండి, ఎవరి యెదుట తీసి పరీక్షించిరో రైతు ఎఱుగడు. పోనీ తప్పిన విత్తును తానే నాటుకొందమన్న, అమ్ముకొందమన్న, ఆ గుణమును చుట్టుకొన్న మొదటి పత్రము అడ్డు వచ్చును. 2001 నాటి శాసనము 39వ సెక్షను రైతునకు తన పంటవిత్తును దాచుకొను, నాటుకొను, ఇచ్చిపుచ్చుకొను, పేరుముద్ర లేకుండ అమ్ముకొను హక్కునిచ్చినది గాని, పరునికొఱకు పరుని విత్తుతో పండించి యిచ్చు సాగును గుఱించి అందు మాటలేదు.

ఇచట లేఖ్యప్రకరణమును మరల తెఱచి చూచిన, రైతు కోరవలసినవి అందే కనబడును. సంస్థ పేరు ముందుగా గల పత్రము. దినమును, పొలమును, విత్తుజాతియు, ధరయు. పరీక్షకు తీసిన విత్తులో ఒక భాగము ఉభయుల ముద్రలతో రైతునొద్ద నుండుట. పరీక్ష తప్పినచో శ్రమకు ఎంత, వడ్డికి ఎంత యను నిర్ణయము. మధ్యవర్తి సాక్షియో, ప్రతినిధియో తేల్చు నొక వాక్యము. ఈ కడపటిది చాల ముఖ్యము. సొమ్ము ఆగినప్పుడు మధ్యవర్తి తాను సాక్షినే యనును. విత్తు తీసికొనునప్పుడు తానే సంస్థ ననును. కర్త యెవరో తెలియని క్రియ వ్యాకరణమున భావేప్రయోగమై శోభిల్లును గాని, కౌలుపత్రమున కాదు. అడ్వాన్సు వడ్డి నెలనెల పద్దులకెక్కును. రైతునకు చెల్లిన సొమ్మును వెనుక వ్రాయుటకు రైతు చేత పత్రమే లేదు.